హానికర లైంగికాసక్తి రుగ్మతలు: పరిభాష, అవగాహన, చికిత్సావశ్యకత (పశ్చిమ కర్నూలు ప్రాంత నేపథ్యం)

వ్యాససంగ్రహం

అన్యుల సమ్మతి లేకుండా, వారికి హాని కలిగించే రీతిలో తీవ్రమైన లైంగికాసక్తి నిరంతరం కొనసాగే స్థితిని మానసిక వైద్యశాస్త్రం రుగ్మతగా గుర్తించింది. తెలుగు సమాజంలో ఈ విషయం నేరవార్తగానో, తిట్టుగానో తప్ప వైద్యవిషయంగా చర్చకు రావడం అరుదు. ఆసక్తి, రుగ్మత, నేరం అనే మూడు భావాల మధ్య భేదాన్ని వివరించడం, తెలుగు వాడుకభాష ఈ భేదాన్ని ఎలా చెరిపివేస్తున్నదో పరిశీలించడం, అందుబాటులో ఉన్న చికిత్సలను, చట్టపరమైన హద్దులను పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశాలు. దేవనకొండ, ఆదోని, ఎమ్మిగనూరు వంటి ప్రాంతాలలో చికిత్సకు దారి ఎలా ఏర్పడగలదో కూడా ఇది చర్చిస్తుంది.

కీలకపదాలు: పారాఫీలియా, లైంగికాసక్తి రుగ్మత, సమ్మతి, చాటుచూపు, పోక్సో చట్టం, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, బళ్ళారి నమూనా, టెలిమానస్, పశ్చిమ కర్నూలు.

1. ఉపోద్ఘాతం

మనిషి మనసులోని చీకటి కోణాలు తెలుగు సాహిత్యానికి కొత్త కావు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ నవలలు 1940ల నాటికే మనోవిశ్లేషణను తెలుగు పాఠకులకు చేరువ చేశాయి. నవలలోని పాత్ర అంతరంగాన్ని అంత ఓర్పుతో చదివిన సమాజం, అదే అంతరంగం ఇంట్లో ఒక మనిషిలో బయటపడినప్పుడు మాత్రం మాట దొరకక మౌనం వహిస్తుంది. లైంగికపరమైన మానసిక రుగ్మతల విషయంలో ఆ మౌనం మరింత గాఢంగా ఉంటుంది.

ఈ మౌనానికి మూల్యం చెల్లించేవారు ప్రధానంగా పిల్లలు, స్త్రీలు. కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 2007లో ప్రకటించిన అధ్యయనం 13 రాష్ట్రాలలో 12,447 మంది బాలబాలికల అనుభవాలను సేకరించింది. వారిలో 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నట్లు తేలింది. ఆ శాతం అధికంగా ఉన్న రాష్ట్రాలలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవారిలో సుమారు సగం మంది పిల్లలకు తెలిసినవారు, వారు నమ్మినవారు.

ఈ గణాంకాలు వెలువడిన ప్రతిసారీ చర్చ శిక్షల చుట్టూ తిరుగుతుంది. శిక్ష అవసరమే. కానీ శిక్ష హాని జరిగిన తరువాత వచ్చేది. హాని జరగకముందే దాన్ని ఆపగల మార్గాలలో చికిత్స ఒకటి. అది మొదలుకావాలంటే ముందుగా ఆ స్థితికి పేరు పెట్టగలగాలి.

2. పదం, పరిభాష

‘పారాఫీలియా’ గ్రీకు ధాతువుల నుంచి ఏర్పడిన పదం. ‘పారా’ అంటే పక్కన, ‘ఫీలియా’ అంటే ప్రేమ లేదా ఆసక్తి. సాధారణ మార్గానికి పక్కగా సాగే ఆసక్తి అని దీని వ్యుత్పత్త్యర్థం. రిచర్డ్ ఫన్ క్రాఫ్ట్-ఎబింగ్ 1886లో ప్రచురించిన ‘సైకోపాథియా సెక్సువాలిస్’ గ్రంథం ఈ ఆసక్తులను వైద్యదృష్టితో వర్గీకరించిన తొలి ప్రయత్నాలలో ప్రసిద్ధమైనది. ‘పారాఫీలియా’ అనే మాటను 1903లో ఫ్రీడ్రిక్ సాలమన్ క్రౌస్ సృష్టించగా, తరువాతి కాలంలో విల్హెల్మ్ స్టెకెల్ ప్రచారంలోకి తెచ్చాడు. అంతకుముందు వాడుకలో ఉన్న ‘వైపరీత్యం’, ‘భ్రష్టత్వం’ వంటి నిందార్థకాలకు బదులుగా తటస్థమైన మాట కావాలన్న అవసరమే ఈ పదం నిలదొక్కుకోవడానికి కారణం.

తెలుగులో ఇప్పటికీ నిందార్థకాలే రాజ్యమేలుతున్నాయి. ‘వికృత చేష్ట’, ‘కామపైత్యం’ అన్నవి తీర్పులే కాని వర్ణనలు కావు. పారాఫీలియాకు ‘అసాధారణ లైంగికాసక్తి’ అనీ, అది హానిగానో వేదనగానో పరిణమించినప్పుడు ‘లైంగికాసక్తి రుగ్మత’ అనీ వ్యవహరించడం సముచితం. మొదటి మాట ఒక స్థితిని చెబుతుంది, రెండవది వైద్యం అవసరమైన దశను చెబుతుంది. ఈ రెంటినీ వేరుగా ఉంచడమే ఆధునిక మానసిక వైద్యం సాధించిన ముఖ్యమైన స్పష్టత.

3. ఆసక్తి, రుగ్మత, నేరం

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డి.ఎస్.ఎం.-5 ఈ భేదాన్ని సూత్రబద్ధం చేసింది. ఒక అసాధారణ ఆసక్తి ఉన్నంతమాత్రాన అది రుగ్మత కాదు. కనీసం ఆరు నెలల పాటు తీవ్రంగా కొనసాగుతూ, ఆ వ్యక్తికి గణనీయమైన వేదననో, జీవన వ్యవహారాలలో భంగాన్నో కలిగించినప్పుడు, లేదా సమ్మతి లేని మరొకరిపై చర్యగా మారినప్పుడు దాన్ని రుగ్మత అంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఐ.సి.డి.-11, 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఇది మరొక అడుగు ముందుకు వేసి ‘సమ్మతి’ని కేంద్రబిందువుగా చేసింది. సమ్మతి ఇవ్వనివారు, లేదా వయసు కారణంగా సమ్మతి ఇవ్వజాలనివారు లక్ష్యంగా ఉండే ఆసక్తులే ఇందులో ప్రధాన రుగ్మతలు. వయోజనుల పరస్పర సమ్మతితో సాగే, ఎవరికీ హాని చేయని ఆసక్తులు పూర్వపు జాబితా నుంచి తొలగిపోయాయి.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉంది. స్వలింగాకర్షణ పారాఫీలియా కాదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లోనూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనూ దాన్ని వ్యాధుల పట్టిక నుంచి తొలగించాయి. 2018 సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహార్ కేసులో భారత సర్వోన్నత న్యాయస్థానం వయోజనుల మధ్య సమ్మతితో కూడిన స్వలింగ సంబంధం నేరం కాదని తీర్పు ఇచ్చింది. ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కూడా ఈ కోవకు చెందదు. సమాజం అంగీకరించకపోవడం రుగ్మతకు ప్రమాణం కాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 మూడవ సెక్షను కూడా ఒక వ్యక్తి తన సమాజపు నైతిక, సాంస్కృతిక విలువలకు అనుగుణంగా లేడన్న కారణంతో అతణ్ణి మానసిక రోగిగా నిర్ణయించరాదని స్పష్టం చేసింది.

రుగ్మతకూ నేరానికీ మధ్య కూడా భేదం ఉంది. మనసులో కలిగే ఆసక్తి నేరం కాదు, చర్య నేరం. రుగ్మత ఉన్నవారందరూ నేరం చేయరు. లైంగిక నేరం చేసినవారందరికీ రుగ్మత ఉండదు. అధికార మదం, అవకాశం, మద్యం, స్త్రీ పట్ల చులకనభావం వంటివి అనేక నేరాలకు మూలం. అలాగే రుగ్మత ఉన్నదన్న కారణం శిక్ష నుంచి మినహాయింపునివ్వదు. భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షను తాను చేసే పని స్వభావాన్నిగాని, అది తప్పన్న సంగతినిగాని మతిస్థిమితం లేక గ్రహించలేనివారికే రక్షణనిస్తుంది. లైంగికాసక్తి రుగ్మత ఉన్న వ్యక్తి సాధారణంగా ఆ రెండూ ఎరిగే ఉంటాడు. చికిత్స అతని హక్కు, ప్రవర్తన అతని బాధ్యత. ఈ రెండు వాక్యాలూ ఏకకాలంలో సత్యమే.

4. హానికర రుగ్మతల స్వరూపం

ఐ.సి.డి.-11 పేర్కొన్న హానికర రుగ్మతలు ముఖ్యంగా ఐదు.

మొదటిది చాటుచూపు రుగ్మత. ఎదుటివారికి తెలియకుండా వారి ఏకాంతాన్ని చూడాలన్న తీవ్రవాంఛ దీని లక్షణం. చేతిలోని ఫోను ఈ రుగ్మత పరిధిని పెంచింది. స్నానాల గదులలో, దుస్తుల దుకాణాలలో రహస్యంగా చిత్రీకరించడం ఇందులోకే వస్తుంది.

రెండవది ప్రదర్శన రుగ్మత. అనుకోని అపరిచితుల ఎదుట మర్మావయవాలను బయటపెట్టడం, తద్వారా వారి భయవిస్మయాలను కోరుకోవడం దీని స్వరూపం.

మూడవది సమ్మతి లేని స్పర్శకు సంబంధించినది. కిక్కిరిసిన బస్సులు, జాతరలు, తిరునాళ్ళు దీనికి అవకాశస్థలాలు.

నాలుగవది బాలలపట్ల లైంగికాసక్తి రుగ్మత. యౌవనదశకు చేరని పిల్లలపై తీవ్రమైన, నిరంతరమైన లైంగికాసక్తి దీని లక్షణం. డి.ఎస్.ఎం.-5 ప్రకారం ఈ నిర్ధారణకు వ్యక్తి వయసు కనీసం 16 ఏళ్ళు ఉండాలి, పిల్లల కంటే కనీసం ఐదేళ్ళు పెద్దయి ఉండాలి.

ఐదవది బలవంతపు హింసానంద రుగ్మత. సమ్మతి లేని వ్యక్తికి శారీరక, మానసిక బాధ కలిగించడంలో లైంగిక తృప్తిని వెతకడం దీని స్వభావం.

ఈ రుగ్మతలు ఎక్కువగా పురుషులలో నిర్ధారణ అవుతున్నాయి. చాలామందిలో ఆసక్తి యౌవనారంభంలోనే తలెత్తుతుంది. తన ఆసక్తి తోటివారి ఆసక్తి వంటిది కాదని ఒక బాలుడు పదో తరగతి, ఇంటర్మీడియట్ చదివే వయసులోనే గ్రహించే అవకాశం ఉంది. చికిత్సకు అత్యంత అనుకూలమైన కాలం అదే. మన సమాజంలో మాట అత్యంత కరవైన కాలం కూడా అదే.

5. కారణాలు

ఏ ఒక్క కారణమూ ఈ రుగ్మతలను పూర్తిగా వివరించదు. మెదడు ఎదుగుదలలోని భేదాలు, బాల్యానుభవాలు, ఒంటరితనం, ఆత్మనియంత్రణలోని లోపాలు కలిసి పనిచేస్తాయని పరిశోధకుల అభిప్రాయం. బాల్యంలో వేధింపు అనుభవించడం ఒక ప్రమాదకారకమే. అయినా అలా వేధింపుకు గురైన పిల్లలలో అత్యధికులు పెద్దయ్యాక ఎవరినీ వేధించరు. ఈ వాస్తవాన్ని విస్మరిస్తే బాధితులపైనే మరొక ముద్ర వేసినట్లవుతుంది.

జీవితమంతా సక్రమంగా మెలగిన పెద్దవయసు వ్యక్తిలో హఠాత్తుగా ఇటువంటి ప్రవర్తన కనిపిస్తే అది మెదడు వ్యాధికి సూచన కావచ్చు. మెదడు ముందుభాగాన్ని క్షీణింపజేసే మతిమరుపు వ్యాధి, కణితులు, పార్కిన్సన్స్ వ్యాధికి వాడే కొన్ని మందులు ఆత్మనియంత్రణను దెబ్బతీయగలవు. 2003లో అమెరికా వైద్యులు ప్రచురించిన ఒక నివేదిక ఈ రంగంలో ప్రసిద్ధం. 40 ఏళ్ళ ఉపాధ్యాయుడిలో కొత్తగా తలెత్తిన బాలలపట్ల లైంగికాసక్తి అతని మెదడులోని కణితిని తొలగించగానే తగ్గిపోయింది. కణితి తిరిగి పెరిగినప్పుడు మళ్ళీ కనిపించింది. కనుక ‘ముసలితనంలో బుద్ధి గడ్డి తిన్నది’ అని పక్కన పెట్టకుండా అటువంటివారిని నాడీవైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. ఈలోగా పిల్లలను వారితో ఒంటరిగా ఉంచకూడదు.

6. తెలుగు వాడుక: కీచకుడు, మృగాడు, పిచ్చి

లైంగిక నేరాల వార్తలలో తెలుగు పత్రికలు, ప్రసార మాధ్యమాలు ‘కీచకుడు’, ‘కామాంధుడు’, ‘మృగాడు’, ‘సైకో’ అనే మాటలను విస్తృతంగా వాడుతున్నాయి. ఆగ్రహాన్ని ప్రకటించడానికి ఇవి సరిపోవచ్చు. అవగాహనకు మాత్రం మూడు విధాల అడ్డంకులవుతున్నాయి.

మొదటిది, ‘మృగాడు’ అనే మాట నేరస్థుణ్ణి మనుషుల మధ్య నుంచి అడవిలోకి తరిమివేస్తుంది. అప్పుడు కుటుంబం బయటివాణ్ణి అనుమానిస్తుంది, ఇంటివాణ్ణి విస్మరిస్తుంది. జాతీయ నేర నమోదు సంస్థ ఏటా ప్రకటించే వివరాలలో అత్యాచార నిందితులలో 90 శాతానికి పైగా బాధితులకు తెలిసినవారే. ఈ దృష్టితో చూస్తే తిక్కన విరాటపర్వంలోని కీచకుడి పాత్ర లోతైన పాఠం. అతడు అడవి నుంచి వచ్చినవాడు కాడు. రాణి సుదేష్ణ సోదరుడు, విరాటుని సేనాని, అంతఃపురానికి చుట్టం. అతని చేష్టకు మూలం రుగ్మత కాదు, అధికారం. పత్రికలు కీచకుడి పేరును వాడుతున్నాయి కాని కీచకుడి కథ చెప్పే సత్యాన్ని వదిలివేస్తున్నాయి.

రెండవది, తనలో కలవరపెట్టే ఆసక్తిని గుర్తించిన పదహారేళ్ళ బాలుడికి భాష ఇచ్చే అద్దంలో కనిపించేది మృగమే. తాను మృగం కానని అతనికి తెలుసు. కనుక ఈ విషయం తనకు సంబంధించినది కాదని తోసివేస్తాడు, లేదా తాను మృగమేనని నమ్మి ఆత్మహత్యాలోచనల వైపు జారిపోతాడు. ఏ విధంగా చూసినా అతడు వైద్యుని వద్దకు పోడు.

మూడవది, ‘సైకో’ అనే మాట మానసిక రోగులందరినీ నేరస్థులుగా చిత్రిస్తుంది. కుంగుబాటుకు, నిద్రలేమికి వైద్యం పొందవలసినవారు కూడా ఈ ముద్రకు జంకి మానసిక వైద్య విభాగం గడప తొక్కరు.

సామెతలలోనూ ఈ సంకటం ప్రతిఫలిస్తుంది. ‘పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళి అయితే గాని పిచ్చి కుదరదు’ అన్న సామెత హాస్యోక్తే. అయినా దాని రెండవ సగాన్ని చికిత్సాసూత్రంగా నమ్మే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. కొడుకు ప్రవర్తనలో తేడా కనిపించగానే పిల్లను వెతకడం ఆరంభమవుతుంది. వివాహం లైంగికాసక్తి రుగ్మతకు మందు కాదు. దానివల్ల ఏమీ ఎరుగని ఒక స్త్రీ, తరువాత పుట్టే పిల్లలు అపాయంలో పడతారు. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అన్న సామెతనూ గుట్టును కాపాడుకోవాలన్న అర్థంలోనే వాడుతుంటారు. ఇక్కడ చేటు కలిగిస్తున్నది గుట్టు బయటపడటం కాదు, గుట్టే.

లైంగిక విజ్ఞానాన్ని తెలుగులో చెప్పడం సాధ్యమేనని నిరూపించినవారూ ఉన్నారు. విజయవాడకు చెందిన డాక్టర్ జి. సమరం పుస్తకాల ద్వారా, పత్రికల్లోని ప్రశ్నోత్తర శీర్షికల ద్వారా దశాబ్దాల పాటు సాధారణ పాఠకుల సందేహాలకు నిస్సంకోచమైన తెలుగులో సమాధానాలిచ్చారు. ఆ సంప్రదాయాన్ని లైంగికాసక్తి రుగ్మతల వరకు విస్తరింపజేయడం నేటి అవసరం.

7. చికిత్సా విధానాలు

చికిత్స గురించి రెండు అతిశయోక్తులు ప్రచారంలో ఉన్నాయి. ‘ఇది మారదు’ అన్నది ఒకటి, ‘ఒక సూదిమందుతో పోతుంది’ అన్నది మరొకటి. రెండూ సరికావు. లోతుగా పాతుకున్న ఆసక్తి పూర్తిగా చెరిగిపోకపోవచ్చు. దాన్ని అదుపులో ఉంచుకొని, ఎవరికీ హాని చేయకుండా, గౌరవప్రదంగా జీవించడం మాత్రం సాధ్యమే. షుగరు, బి.పి. వ్యాధులను జీవితాంతం అదుపులో ఉంచుకోవడంతో దీన్ని కొంతవరకు పోల్చవచ్చు.

మొదటి సోపానం సమగ్ర పరీక్ష. రుగ్మత ఉన్నదా, ఉంటే ఏ స్థాయిలో ఉన్నది, కుంగుబాటు, మద్యపానం, అతిచంచలత వంటివి తోడయ్యాయా అన్నది వైద్యుడు పరిశీలిస్తాడు. తనకు ఇష్టంలేని భయంకరమైన లైంగిక తలంపులు పదేపదే వచ్చి పీడించడం కొన్నిసార్లు ఓ.సి.డి. లక్షణం. అటువంటివారికి ఆ తలంపులపై వాంఛ ఉండదు, రోతే ఉంటుంది. వారికి చేయవలసిన చికిత్స వేరు. ఈ భేదం స్వయంగా తేల్చుకోగలిగేది కాదు.

రెండవది మాటల ద్వారా సాగే చికిత్స. ఆలోచన–ప్రవర్తన చికిత్సలో వ్యక్తి తన వాంఛకు దారితీసే పరిస్థితులను గుర్తించడం, తప్పును సమర్థించుకునే ఆలోచనలను ప్రశ్నించడం, ఎదుటివారి బాధను గ్రహించడం, అపాయకర సందర్భాలకు దూరంగా ఉండే ప్రణాళిక వేసుకోవడం నేర్చుకుంటాడు. టోనీ వార్డ్ ప్రతిపాదించిన ‘సజ్జీవన నమూనా’ మరొక కోణాన్ని చేర్చింది. చేయకూడనివాటి జాబితాతో పాటు స్నేహం, పని, ఆత్మగౌరవం వంటి మంచి లక్ష్యాలను నిర్మించుకున్నవారే నిగ్రహాన్ని నిలుపుకోగలరని దాని సారాంశం.

మూడవది మందులు. స్వల్ప, మధ్యస్థ తీవ్రతలో కుంగుబాటుకు వాడే ఎస్.ఎస్.ఆర్.ఐ. వర్గపు మందులు వాంఛ తీవ్రతను తగ్గించగలవు. హాని జరిగే అవకాశం అధికంగా ఉన్నవారికి పురుష హార్మోనును తగ్గించే మందులు వాడతారు. వీటివల్ల ఎముకలు బలహీనపడటం వంటి దుష్ఫలితాలు ఉన్నందున నిరంతర పర్యవేక్షణ, వ్యక్తి అవగాహనతో కూడిన సమ్మతి తప్పనిసరి. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు 2020లో ప్రచురించిన ప్రయోగంలో తామే సహాయం కోరి వచ్చిన 52 మంది పురుషులు పాల్గొన్నారు. డెగారెలిక్స్ అనే హార్మోను నిరోధక ఔషధం తీసుకున్నవారిలో పిల్లలపై నేరానికి దారితీసే ప్రమాదకారకాలు రెండు వారాలలోనే తగ్గినట్లు అందులో తేలింది.

సమ్మతితో ఇచ్చే ఈ వైద్యాన్ని శిక్షగా విధించాలన్న ‘రసాయనిక వంధ్యీకరణ’ వాదంతో కలపకూడదు. జస్టిస్ వర్మ కమిటీ 2013 జనవరి 23న సమర్పించిన నివేదికలో ఆ శిక్షను సిఫారసు చేయలేదు. నేరానికి మూలమైన సామాజిక కారణాలను అది తాకదని కమిటీ భావన.

8. చట్టం, గోప్యత

చికిత్సకు రావాలనుకునే వ్యక్తిని ఆపే మొదటి భయం ‘చెబితే పోలీసులకు పట్టిస్తారేమో’ అన్నది. ఈ భయానికి నిజాయితీగల సమాధానం అవసరం.

2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు (18వ సెక్షను). చికిత్స వివరాలను గోప్యంగా ఉంచడం వైద్యుని విధి (23వ సెక్షను). మరొకరికి హాని కలగకుండా కాపాడవలసి వచ్చినప్పుడు, న్యాయస్థానం ఆదేశించినప్పుడు ఈ గోప్యతకు మినహాయింపులున్నాయి. మరోవైపు పోక్సో చట్టం 2012లోని 19వ సెక్షను పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతున్నదన్న శంక ఉన్నా తెలియజేయాలని ప్రతి వ్యక్తినీ ఆదేశిస్తున్నది. నేరం జరిగినట్లు తెలిసీ తెలపకపోతే 21వ సెక్షను కింద ఆరు నెలల వరకు, సంస్థ బాధ్యులైతే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు.

ఈ రెండు చట్టాలను కలిపి చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది. ఇంకా ఎవరికీ హాని చేయని దశలో, తన ఆసక్తి తనను కలవరపెడుతున్నదని చెప్పుకోవడానికి వచ్చిన వ్యక్తి నేరాన్ని ఒప్పుకుంటున్నవాడు కాడు. అతడు వైద్యం కోరుతున్నవాడు. ఒక నిర్దిష్టమైన బిడ్డకు హాని జరిగినా, జరిగే సూచన ఉన్నా గోప్యత కంటే ఆ బిడ్డ రక్షణే ముఖ్యం. ఈ హద్దును వైద్యుడు మొదటి భేటీలోనే వివరించాలి. త్వరగా రావడం వల్ల కలిగే మేలు కూడా ఇక్కడే ఉంది. హానికి ముందు వచ్చినవారికి చట్టం, వైద్యం రెండూ ఒకే దిశలో తోడ్పడతాయి.

జర్మనీలో బెర్లిన్ నగరపు షారిటే ఆసుపత్రి 2005లో ‘డుంకెల్‌ఫెల్డ్’ నివారణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఆ మాటకు ‘చీకటి క్షేత్రం’ అని అర్థం, పోలీసుల దృష్టికి రాని పరిధి అని భావం. బాలలపట్ల లైంగికాసక్తి ఉండి, సహాయం కోరేవారికి అక్కడ గోప్యంగా చికిత్స లభిస్తుంది. దాని ఫలితాల పరిమాణంపై పరిశోధకుల మధ్య చర్చ సాగుతున్నా, పిలిస్తే వచ్చేవారున్నారన్న సంగతిని అది నిరూపించింది. పుణె కె.ఇ.ఎం. ఆసుపత్రి పరిశోధన కేంద్రం షారిటే సహకారంతో ఇటువంటి ప్రయత్నాన్ని భారతదేశంలోనూ చేపట్టింది. అయితే జర్మనీలో వైద్యునికి మన 19వ సెక్షను వంటి నిర్బంధం లేదు. అందువల్ల ఆ నమూనాను యథాతథంగా దిగుమతి చేసుకోవడం కాక, మన చట్టాలకు తగినట్లు మలచుకోవడం అవసరం.

వయోజన స్త్రీల విషయంలో 2013 నాటి క్రిమినల్ చట్ట సవరణ చాటుగా చూడటాన్ని, చిత్రీకరించడాన్ని ప్రత్యేక నేరం చేసింది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో అది 77వ సెక్షను. 2024 సెప్టెంబరు 23న సర్వోన్నత న్యాయస్థానం పిల్లల అశ్లీల దృశ్యాలను దగ్గర ఉంచుకోవడం కూడా పోక్సో కింద నేరం కాగలదని తీర్పు చెప్పింది. ‘చైల్డ్ పోర్నోగ్రఫీ’ అనే మాటకు బదులుగా పిల్లలపై జరిగిన లైంగిక దోపిడిని, వేధింపును సూచించే పదాన్ని వాడాలని సూచించింది. అటువంటి దృశ్యాలకు అలవాటుపడినవారికి ఆలోచన–ప్రవర్తన చికిత్స ఉపయోగాన్ని కూడా ప్రస్తావించింది. శిక్ష, పరిభాష, చికిత్స ఒకే తీర్పులో కలిసి రావడం గమనార్హం.

9. పశ్చిమ కర్నూలు: చికిత్సకు దారి

ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ పట్టణాల నడుమ ఉన్న మండలకేంద్రం దేవనకొండ. వర్షాధార సేద్యం, పత్తి, వేరుశనగ ఇక్కడి జీవనాధారాలు. వాన తప్పిన ఏడు కుటుంబాలు ‘సుగ్గికి’ పోతాయి. గుంటూరు వైపు మిరప, పత్తి పొలాలకు, బెంగళూరు, హైదరాబాదుల నిర్మాణ పనులకు వలస సాగుతుంది. పిల్లలు తల్లిదండ్రుల వెంట తాత్కాలిక గుడిసెలకైనా పోతారు, అవ్వతాతల వద్దో బంధువుల ఇళ్ళలోనో అయినా ఉండిపోతారు. ఈ ప్రాంతంలో రుగ్మతలు ఎక్కువని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. పిల్లలపై పెద్దల కన్ను తప్పే కాలం ఇక్కడ ఏటా వస్తుంది, నిపుణుడైన వైద్యుడు మాత్రం దూరంగా ఉంటాడు. ఈ రెండూ కలవడమే ఇక్కడి ప్రత్యేక సమస్య.

దీనికి పరిష్కారసూత్రం పొరుగునే ఉంది. 1953 వరకు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలో భాగం. అదే బళ్ళారి జిల్లాలో బెంగళూరు నిమ్‌హాన్స్ సంస్థ 1985 నుంచి 1990 వరకు ఒక ప్రయోగం నిర్వహించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు మానసిక వ్యాధులను గుర్తించడంలో శిక్షణనిచ్చి, కొన్ని అత్యవసర మందులను అక్కడే అందుబాటులో ఉంచి, జిల్లాస్థాయి నిపుణుల మద్దతు కల్పించారు. 1982లో ప్రారంభమైన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంగా విస్తరించడానికి ‘బళ్ళారి నమూనా’యే ఆధారం. మూర్ఛ, తీవ్ర మానసిక వ్యాధుల కోసం రూపొందిన ఆ నమూనా ఒక మౌలికసూత్రాన్ని నేర్పింది: నిపుణుడు ప్రతి గ్రామానికీ రాలేడు, కానీ గుర్తించి పంపగల మనిషి ప్రతి గ్రామంలోనూ ఉండగలడు. ఆ సూత్రం లైంగికాసక్తి రుగ్మతలకూ వర్తిస్తుంది.

ఆచరణలో దారి ఇలా ఉంటుంది. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 నంబరుపై రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ముఖం చూపవలసిన అవసరం లేకపోవడం ఈ విషయంలో పెద్ద ఊరట. అక్కడి నుంచి ఆదోని ప్రాంతీయ ఆసుపత్రి ద్వారానో, నేరుగానో కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలోని మానసిక వైద్య విభాగానికి చేరవచ్చు. బళ్ళారి వైద్య కళాశాల, బెంగళూరు నిమ్‌హాన్స్ కూడా ఈ ప్రాంతవాసులు వైద్యానికి వెళ్ళదగిన కేంద్రాలే. ఓ.పి. చీటీ రాయించుకునేటప్పుడు కారణమంతా చెప్పనక్కరలేదు, ‘మానసిక వైద్యుణ్ణి కలవాలి’ అంటే చాలు. ఊరి పేరెత్తకుండా గోడలపై ప్రకటించుకునే ‘సెక్స్ సమస్యల’ వైద్యుల వద్ద డబ్బు, కాలం రెండూ వృథా.

తెలంగాణలో 2014 అక్టోబరు 24న ఏర్పడిన షీ టీమ్స్ అనుభవం కూడా పరిశీలించదగినది. బస్సులలో, రద్దీ ప్రదేశాలలో వేధిస్తూ పట్టుబడినవారిలో అనేకులకు కుటుంబసభ్యుల సమక్షంలో కౌన్సెలింగ్ ఇవ్వడం ఆ బృందాల పద్ధతిలో భాగం. అటువంటి సందర్భంలో మందలింపుతో ఆగక, మళ్ళీ మళ్ళీ అదే చేష్టకు పాల్పడేవారిని మానసిక వైద్యపరీక్షకు పంపే ఏర్పాటు కూడా ఉంటే రుగ్మత ఉన్నవారు తొలిదశలోనే గుర్తింపు పొందుతారు.

10. అధ్యాపకుల పాత్ర

ఇంటర్మీడియట్, డిగ్రీ విద్యార్థులకు ఇంటి బయట అత్యంత సమీపంలో ఉండే పెద్దలు అధ్యాపకులే. వారి ముందుకు రెండు రకాల మాటలు రావచ్చు. ఒక విద్యార్థిని తనపై జరిగిన వేధింపును చెప్పుకోవచ్చు. ఆమె 18 ఏళ్ళలోపు అయితే పోక్సో ప్రకారం తెలియజేయడం అధ్యాపకుని విధి. బాలల సహాయ నంబరు 1098, మహిళల సహాయ నంబరు 181 ఇందుకు తోడ్పడతాయి. రెండవ రకం మాట మరింత అరుదు, మరింత కష్టం. ఒక విద్యార్థి తనలోని ఆసక్తి తనను భయపెడుతున్నదని చెప్పవచ్చు.

అప్పుడు అసహ్యంతో ముఖం తిప్పుకుంటే ఆ మాట మరెవరి ముందుకూ రాదు. ‘వయసు ప్రభావం, అదే పోతుంది’ అని తేలికపరచడం కూడా తగదు. ఓపికగా వినాలి. చెప్పడం ధైర్యమని గుర్తించాలి. ‘ఎవరికీ చెప్పను’ అని సంపూర్ణ వాగ్దానం చేయకుండా, ఎవరికైనా అపాయముంటే చెప్పక తప్పదని ముందే తెలపాలి. వైద్యుని వద్దకు చేరేవరకు తోడుండాలి. చికిత్స చేయడం, రుగ్మత నిర్ధారించడం అధ్యాపకుని పని కాదు. తలుపు తెరిచి దారి చూపడమే అతని పని.

భాషాసాహిత్యాల అధ్యాపకులకు మరొక బాధ్యత ఉంది. వార్తారచన, అనువాదం, పరిభాషా నిర్మాణం బోధించే తరగతులలో ‘మృగాడు’ వంటి పదాల ప్రయోగాన్ని చర్చనీయాంశం చేయవచ్చు. బాధితుల గౌరవాన్ని కాపాడుతూ, నేరాన్ని తేలికపరచకుండా, చికిత్సకు దారి మూయకుండా ఒక వార్తను ఎలా రాయవచ్చో విద్యార్థులచే అభ్యాసం చేయించవచ్చు.

11. ముగింపు

హానికర లైంగికాసక్తి రుగ్మతలపై చర్చ నేరస్థుల పట్ల సానుభూతి కాదు. అది రాబోయే బాధితుల పక్షాన ముందుగా మాట్లాడటం. ఆసక్తి ఎంపిక కాదు, ప్రవర్తన మాత్రం ఎంపికే అన్న వివేచన వ్యక్తికి బాధ్యతనూ, ఆశనూ ఏకకాలంలో ఇస్తుంది. సమ్మతిని ప్రమాణంగా గ్రహించడం వల్ల రుగ్మతకూ, కేవల సామాజిక అయిష్టానికీ మధ్య గీత స్పష్టమవుతుంది. పెళ్ళి, గుట్టు, తిట్టు అనే మూడు అలవాటు మార్గాలు చికిత్సకు ప్రత్యామ్నాయాలు కావు. చట్టం, వైద్యం, ఫోను సేవ, పొరుగు జిల్లా చూపిన నమూనా ఇప్పటికే ఉన్నాయి. వీటన్నిటినీ దేవనకొండ వంటి గ్రామంలోని ఒక యువకునికి చేర్చవలసింది అతనికి అర్థమయ్యే, అతణ్ణి భయపెట్టని తెలుగు మాట. ఆ మాటను సిద్ధం చేయడంలో తెలుగు పరిశోధకులకు, అధ్యాపకులకు తప్పించుకోరాని భాగస్వామ్యం ఉంది.